కథ లోపల ఒక మ్యూజికల్ ఉంటే దాన్ని ఎంతవరకు రాయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ నవలలో తెలుగమ్మాయి ఒకరు న్యూయార్క్‌లో ఓ కొత్త బ్రాడ్‌వే మ్యూజికల్‌లో (పాటలతో కథ నడిపే నాటకం) కోరస్‌లో పాడుతుంది. ఆ మ్యూజికల్ నిజంగా ఎక్కడా లేదు, మీరు కల్పించిందే. దాని కథా పాటలూ అన్నీ రాయాలా? సంగీతం రానివాళ్లు రాస్తే నమ్ముతారా? ఇంగ్లిష్‌లో జరిగే షోని తెలుగులో ఎలా వినిపించాలి?

జవాబు ముందే చెప్పేస్తాను. మొత్తం రాయకండి. ఒక్క పాటని పూర్తిగా తెలుసుకోండి. మిగతా షోని ముక్కలుగా వదిలేయండి. అసలు శ్రద్ధంతా ఆ పాట వింటున్నవాళ్ల మీద పెట్టండి. సంగీతం రాకపోవడం దీనికి అడ్డు కాదు. ఎందుకో కింద చెబుతాను.

నేను న్యూజెర్సీలో పద్దెనిమిదేళ్లుగా ఊళ్లోని నాటక బృందాలకి స్టేజ్ మేనేజర్‌గా చేస్తున్నాను. ఉద్యోగం వేరే, సాయంత్రాలూ వారాంతాలూ మాత్రం ఇదే పని. కథలు కూడా రాస్తాను. వాటిలో రెండింట్లో ఇలాంటి కల్పిత మ్యూజికల్స్ ఉన్నాయి. మొదటిదాంట్లో పదకొండు పాటలు రాశాను, రెండు అంకాల కథ అల్లాను, పాత్రలకి వంశవృక్షాలు కూడా వేశాను. నలుగురు స్నేహితులకి చదవమని ఇస్తే నలుగురూ ఒకే మాట అన్నారు: పాటలు వచ్చిన చోటల్లా పేజీ తిప్పేశాం అని. నెలల తరబడి పడ్డ శ్రమ అది, చాలా బాధేసింది. కానీ వాళ్లు చెప్పింది నిజం. పాటకి ట్యూన్ లేదు, గొంతు లేదు, ఆర్కెస్ట్రా లేదు. కాగితం మీద మిగిలింది మాటలే. పదకొండు పాటల మాటల్ని ఎవరు మోస్తారు?

ఇక్కడ 1933 నాటి 'ఫార్టీ సెకండ్ స్ట్రీట్' సినిమా చూడండి. అందులో అందరూ కలిసి తయారుచేసే షో పేరు 'ప్రెటీ లేడీ'. సినిమా అంతా దాని రిహార్సళ్లే. హీరోయిన్ చీలమండ విరుగుతుంది, కోరస్‌లోని పెగ్గీ సాయర్ ఒక్క రోజులో ఆ పాత్ర నేర్చుకుని స్టేజ్ ఎక్కుతుంది. ఇంతా చూశాక 'ప్రెటీ లేడీ' కథ ఏంటని అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. ఒక రైలు పాట ఉంది, ఒక వీధి పాట ఉంది, వాటిని కలిపే దారం మనకి కనిపించదు. తొంభై ఏళ్లుగా ఆ లోటు ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే మన కళ్లు పెగ్గీ మీదే ఉంటాయి. చివరి దృశ్యంలో డైరెక్టర్ జూలియన్ మార్ష్ థియేటర్ పక్క సందులో మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంటాడు. బయటికొచ్చే జనం ఆ అమ్మాయిని పొగుడుతూ, మార్ష్‌ది ఏముందన్నట్టు మాట్లాడుకుంటూ పోతారు. అలసిపోయి, ఏమీ అనకుండా వింటూ ఉంటాడు. లోపలి షో ఎంత బాగుందో, దానికి ఎవరు ఎంత ధర చెల్లించారో ఆ మెట్ల మీదే మనకి తెలుస్తుంది.

మీ నవలకి ఇలాంటి మెట్టు ఒకటి కావాలి. కోరస్ అమ్మాయి దాన్ని ఎక్కడి నుంచి వింటుందన్నది తేల్చుకోండి. స్టేజ్ పక్కన తెరచాటున, వింగ్‌లో నిలబడి కంటికొసల నుంచి చూస్తుందా? మేడ మీద డ్రెస్సింగ్ రూమ్‌లో గోడకున్న స్పీకర్లో వింటుందా? కోరస్‌వాళ్లకి డ్రెస్సింగ్ రూములు తరచుగా పై అంతస్తుల్లో ఉంటాయి. షో జరుగుతున్నంతసేపూ ఆ స్పీకర్ మోగుతూనే ఉంటుంది. నెల తిరిగేసరికి ఎవరూ దాన్ని 'వినరు'. కానీ ఏదో ఒక చోట హీరోయిన్ ఊపిరి తేడాగా తీసుకుంటే గదిలోని ఎనిమిది తలలూ ఒక్కసారిగా పైకి లేస్తాయి. నేను చూశాను. మీ పాఠకుడికి షో మీద నమ్మకం కుదిరేది ఇలాంటి చోటే.

ఆ ఒక్క పాట ఏది? లోపలి పాత్రకీ బయటి మనిషికీ ఒకే మాట సరిపోయే పాట. 2012లో మొదలైన 'స్మాష్' టీవీ సీరియల్ తొలి ఎపిసోడ్ ముగింపు చూడండి. మార్లిన్ మన్రో జీవితం మీద 'బాంబ్‌షెల్' అనే కల్పిత మ్యూజికల్ తయారవుతుంటుంది. మన్రో పాత్ర కోసం ఇద్దరు అమ్మాయిలు పోటీ. చివర్లో ఇద్దరూ చెరో చోటి నుంచి ఆడిషన్‌కి బయల్దేరుతూ ఒకే పాట పంచుకుంటారు. నన్ను నీ తారని చేసుకో అన్న అర్థం వచ్చే పాట. పాట మన్రోది, ఆశ మాత్రం ఆ ఇద్దరిదీ. ఆ కొద్ది నిమిషాల్లో షో ఏంటో, పోటీ ఏంటో, ఎవరికి ఏం కావాలో అంతా తెలిసిపోతుంది. బ్రాడ్‌వేలో ఇలాంటి పాటని 'ఐ వాంట్ సాంగ్' అంటారు. షో మొదట్లోనే ముఖ్య పాత్ర తనకేం కావాలో పాడుతుంది. మీరు ఒక్క పాటే రాస్తారనుకుంటే ఇదే రాయమంటాను.

అదే సీరియల్ మీకొక హెచ్చరిక కూడా. మార్క్ షైమన్, స్కాట్ విట్‌మన్ నిజంగానే దానికి బోలెడు పాటలు రాశారు, చాలా మంచివి. రెండు సీజన్లు, 32 ఎపిసోడ్లకే సీరియల్ ఆగిపోయింది. పాటలు మాత్రం బతికాయి. 2015 జూన్‌లో మిన్‌స్కాఫ్ థియేటర్‌లో 'బాంబ్‌షెల్'ని ఒక్క రాత్రి కచేరీగా చేస్తే జనం కిక్కిరిసి వచ్చారు. నా అభిప్రాయంలో అక్కడ లోపలి షో బయటి కథ కంటే బలంగా తయారైంది. పాట ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్లం, మధ్యలో వచ్చే గొడవలు పట్టేవి కావు. నవలలో ఈ ప్రమాదం తక్కువే, కానీ ఉంది. మీ షో కథ మీ హీరోయిన్ కథకంటే ఆసక్తిగా అనిపిస్తుంటే ఆ రెంటినీ మార్చేసుకోవాలేమో ఆలోచించండి.

ఒకే ఒక్క పాటతో పని ఎలా సాధించాలో చూపించింది 2021లో వచ్చిన 'హాకై' సీరియల్. అందులో 'రోజర్స్: ద మ్యూజికల్' అనే కల్పిత షో ఉంది. ఆ పాట రాసింది కూడా షైమన్, విట్‌మన్ జంటే. అవెంజర్స్ అనే సూపర్‌హీరోల బృందం న్యూయార్క్‌లో చేసిన పోరాటాన్ని స్టేజ్ మీద కేరింతలు కొడుతూ పాడతారు. ఆ పోరాటంలో స్వయంగా ఉన్న క్లింట్ బార్టన్ పిల్లలతో ప్రేక్షకుల్లో కూర్చుని ఉంటాడు. స్టేజ్ మీద యాంట్‌మ్యాన్ కూడా గంతులేస్తుంటాడు, కానీ ఆ రోజు అతను అక్కడ లేనే లేడు. చనిపోయిన స్నేహితురాలు నటాషా వేషంలో ఎవరో నటి నాట్యం చేస్తుంటుంది. క్లింట్ చెవి మిషన్ ఆపేసుకుంటాడు. అంతే. ఊరంతా చప్పట్లు కొట్టే పాటలో ఒక్క మనిషికి దుఃఖం వినిపిస్తోంది. తప్పుగా చూపించిన ఆ ఒక్క వివరం లేకపోతే ఆ దృశ్యానికి అంత పదును వచ్చేది కాదు. మీ షోలో కావాలనే ఒక తప్పు పెట్టండి. మీ హీరోయిన్‌కి మాత్రమే తెలిసే తప్పు. షో ఇండియా గురించిందైతే ఇంకా సులువు. హాలంతా మెచ్చుకునే చోట ఆమెకి ఒక్కదానికే గొంతులో వెలక్కాయ పడ్డట్టుండాలి.

షో బాగుందని చెప్పాలా, బాగోలేదని చెప్పాలా అన్నది మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను, ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే. చెత్త షోని చెత్తగా రాస్తే చాలనుకుంటారు. చాలదు. మెల్ బ్రూక్స్ 1967లో తీసిన 'ద ప్రొడ్యూసర్స్'లో ఒక నిర్మాత, ఒక అకౌంటెంట్ కలిసి ప్లాన్ వేస్తారు. షోలో వాటాలు 25,000 శాతం దాకా అమ్మేయాలి, షో తొలి రాత్రే మూతపడాలి. లాభమే రాకపోతే వాటాలు అడిగేవాడుండడు, మిగిలిన డబ్బంతా తమదే. అందుకోసం హిట్లర్‌ని ఆకాశానికెత్తే మ్యూజికల్ ఒకటి వెతికి పట్టుకుంటారు. కానీ ఆ మ్యూజికల్‌లో హిట్లర్‌ని పొగిడే పాట గమనించండి. మెట్ల మీద నుంచి దిగే నర్తకీమణులు, పైనుంచి తీసిన షాట్‌లో తిరిగే వరుసలు, ఎక్కడా తాళం తప్పదు. పనితనం పక్కాగా ఉంది, తలకాయలోని ఆలోచనే కుళ్లింది. అందుకే హాల్లో జనం నోరెళ్లబెట్టి కూర్చుంటారు. ఆ నోళ్లు చూపించకపోతే ఆ పాట సగమే. తర్వాత హిట్లర్ వేషధారి పిచ్చి వాగుడు చూసి ఇదంతా వెటకారమనుకుని జనం నవ్వడం మొదలెడతారు, షో హిట్టవుతుంది, ప్లాన్ తలకిందులవుతుంది. ఈ సినిమానే 2001లో నిజం మ్యూజికల్‌గా బ్రాడ్‌వేకి వచ్చి 12 టోనీ అవార్డులు కొట్టింది. అన్ని టోనీలు మరే షోకీ ఇంతవరకు రాలేదు.

చెడ్డ షో చేసేవాళ్లెవరూ మేం చెడ్డ షో చేస్తున్నాం అనుకోరు. ఆ సినిమాలో నాటకం రాసినవాడికి అది పవిత్రమైన పని. నేను పనిచేసిన షోల్లో నీరుగారిపోయినవి ఉన్నాయి. వాటికోసం కూడా జనం రాత్రి పన్నెండింటికి సెట్‌కి రంగులేశారు, సెలవు పెట్టి మరీ రిహార్సల్‌కి వచ్చారు. ఆ శ్రద్ధని మీరు గౌరవిస్తే షో ఎంత అధ్వానంగా ఉన్నా పాఠకుడు మీ వెంట వస్తాడు.

ఒక జాగ్రత్త. లోపలి షోలో పాత్ర పాడే మాటలు చివరికి మీ నెత్తిమీదే పడతాయి. 1992 అక్టోబర్‌లో 'ద సింప్సన్స్' కార్టూన్ సీరియల్‌లో ఓ ఎపిసోడ్ వచ్చింది. టెనెసీ విలియమ్స్ విషాద నాటకాన్ని ఊరి నాటక బృందం ఉల్లాసమైన మ్యూజికల్‌గా మార్చేస్తుంది. హీరోయిన్ మనసు చెదిరిపోయిన క్షణంలో పలికే చివరి వాక్యాన్ని కోరస్ అంతా కలిసి నవ్వుతూ పాడే ముగింపు పాట చేస్తారు. నాటకాన్ని తలకిందులుగా అర్థం చేసుకోవడాన్ని ఒక్క పాటలో చూపించిన తీరు నాకెంతో ఇష్టం. కానీ అదే షో మొదటి పాటలో న్యూ ఆర్లియన్స్ నగరాన్ని తిట్టిపోస్తారు. ఆ ఊరివాళ్లకి నిజంగా కోపమొచ్చింది. టీవీ సంస్థ క్షమాపణ చెప్పింది. మరుసటి వారం ఎపిసోడ్ మొదట్లో ఆ సీరియల్‌లోని అల్లరి పిల్లాడు బార్ట్ బడి బోర్డు మీద ఇకపై న్యూ ఆర్లియన్స్ పరువు తీయనని రాస్తూ కనిపించాడు. అది కల్పిత పాట, కల్పిత దర్శకుడి తెలివితక్కువతనం అని ఎవరూ విడదీసి చూడలేదు. మీ షోలో కులం మీదో, యాస మీదో, ఒంటిరంగు మీదో చవకబారు జోకు ఉండాల్సి వస్తే, అది తగిలి నొచ్చుకునే మనిషిని ఆ హాల్లోనే ఒకరిని కూర్చోబెట్టండి.

సినిమాలూ సీరియళ్లూ సరే, నవలలో ఎవరైనా చేశారా అంటే చేశారు. పి.జి. వుడ్‌హౌస్ మనకి హాస్య నవలలతోనే తెలుసు గానీ 1910ల్లో ఆయన గై బోల్టన్, జెరోమ్ కెర్న్‌లతో కలిసి బ్రాడ్‌వే మ్యూజికల్స్‌కి పాటలు రాశారు. ప్రిన్సెస్ థియేటర్ అని 299 సీట్ల బుల్లి హాలు, అక్కడ వాళ్ల షోలకి పెద్ద పేరు. ఆ అనుభవంతో రాసిన నవల 'జిల్ ద రెక్‌లెస్'. ఇంగ్లండ్‌లో 1921లో వచ్చింది. మీకు బాగా పనికొస్తుంది, ఎందుకంటే అందులోనూ డబ్బు పోగొట్టుకున్న అమ్మాయి న్యూయార్క్‌లో కోరస్‌లో చేరుతుంది. షో పేరు 'ద రోజ్ ఆఫ్ అమెరికా'. వుడ్‌హౌస్‌కి పాటలు రాయడం చేతకాక కాదు, ఆ పని తెలిసినవాడు కాబట్టే వాటి మీద కాకుండా రిహార్సళ్ల మీద బరువు పెట్టాడు. సరదాపడి రాసిన ఓ డబ్బున్న కుర్రాడి షోని అనుభవం ఉన్నవాళ్లు చేతికొచ్చినట్టు మార్చేస్తారు. షో అట్లాంటిక్ సిటీలో తొలి ప్రదర్శనకి చేరేసరికి ఏం మిగిలిందన్నదే కథ. న్యూయార్క్‌కి రాకముందు బయటి ఊళ్లో ఆడి చూసుకోవడం బ్రాడ్‌వేకి పాత అలవాటు. మీ నవలకి ఆ ప్రయాణం ఒక్కటి చాలు.

సంగీతం రాదన్నారు కదా, గాస్టన్ లెరూ 1910 నాటి 'ద ఫాంటమ్ ఆఫ్ ద ఒపేరా' చదవండి. అది మ్యూజికల్ కాదు, ఒపేరా, కానీ సమస్య ఒకటే. ఒపేరా హౌస్ నేలమాళిగలో దాక్కుని బతికే ఎరిక్ ఏళ్ల తరబడి రాసుకుంటున్న 'డాన్ జువాన్ ట్రయంఫెంట్' అనే ఒపేరా ఉంటుంది. ఏ రాగం, ఏ స్వరం అన్న లెక్కల్లోకి లెరూ వెళ్లడు. విన్న గాయని క్రిస్టీన్ ఏమైపోయిందో ఆమె నోటితోనే చెప్పిస్తాడు. అదే కథని 1986లో ఆండ్రూ లాయిడ్ వెబర్ స్టేజ్‌కి తెచ్చినప్పుడు ఆయనకి ఆ వెసులుబాటు లేదు, ఆ సంగీతాన్ని నిజంగా కట్టి వినిపించాల్సి వచ్చింది. నవల రాసేవాళ్లకి ఉన్న అదృష్టం ఇదే, వదులుకోకండి.

అన్నిటికంటే నాకు ప్రాణమైన ఉదాహరణ 'ద డ్రౌజీ షాపరోన్'. టొరంటోలో 1998లో స్నేహితుల పెళ్లి సందర్భంగా సరదాకి పుట్టి, 2006లో బ్రాడ్‌వేకి వచ్చింది. ఓ ఒంటరి మనిషి కుర్చీలో కూర్చుని, 1928 నాటిదని చెప్పే ఒక కల్పిత మ్యూజికల్ రికార్డు మనకోసం పెడతాడు. ఆ షో ఆయన గదిలోనే, ఫ్రిజ్ పక్కనే జరగడం మొదలవుతుంది. మధ్యలో ముల్లు ఒక గీతలో ఇరుక్కుంటుంది. స్టేజ్ మీద నాట్యం చేస్తున్నవాళ్లంతా అదే అడుగు, అదే మాట మళ్లీ మళ్లీ. ఆయన లేచి వెళ్లి ముల్లు జరిపితే షో ముందుకి సాగుతుంది. ఎదురుగా మనుషులు ఆడుతున్నా అది రికార్డే అని, వింటున్నది ఒక్క మనిషే అని ఒక్క దెబ్బతో గుర్తుచేస్తుంది. ఆ మనిషి ఎందుకింత ప్రేమగా వింటున్నాడో నెమ్మదిగా తెలుస్తుంది. మీరు రాసేటప్పుడు ఈ 'ముల్లు ఇరుక్కునే చోటు' ఒకటి వెతుక్కోండి. పాట అడ్డం తిరిగే చోటే పాట ఉందని తెలుస్తుంది.

ఇక భాష సంగతి. ఇంగ్లిష్ పాటని ప్రాసలతో సహా తెలుగు పాటగా మార్చి పెట్టకండి. చదివేవాళ్లకి అది సినిమా పాటలా వినిపిస్తుంది, బ్రాడ్‌వే మాయమవుతుంది. నా రెండో కథలో చేసింది చెబుతాను. షో పేరు 'చివరి ఫెర్రీ'. స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ ఇరవై అయిదు నిమిషాల ప్రయాణంలో జరిగే కథ. మొత్తం పాటలో తెలుగులో రాసింది ఒక్క వాక్యమే: ఒడ్డు కనిపిస్తోందా? మొదటి అంకంలో ఓ ప్రేమజంట పొగమంచులో కేరింతలతో అడుగుతుంది. రెండో అంకంలో కళ్లు మసకబారుతున్న ముసలి కెప్టెన్ అదే ట్యూన్‌లో, చాలా నెమ్మదిగా, పక్కనున్న కుర్రాడిని అడుగుతాడు. దీన్ని రిప్రైజ్ అంటారు, అదే పాట మారిన అర్థంతో తిరిగి రావడం. మిగతాదంతా నా మాటల్లో, ఎవరు ఎటు తిరిగారు, వయొలిన్లు ఎక్కడ ఆగాయి అని చెప్పాను. ఈసారి ఎవరూ పేజీ తిప్పలేదు.

మీ పాఠకుల్లో కొందరికి మ్యూజికల్ అనగానే మన పద్యనాటకం గుర్తొస్తుంది. అది మంచిదే, వాడుకోండి. కానీ తేడా ఒక్క వాక్యంలో చెప్పేయండి. పద్యనాటకంలో రాయబారం మధ్యలో వన్స్‌మోర్ అంటే కృష్ణుడు ఆగి పద్యం మళ్లీ ఎత్తుకుంటాడు, కథ ఎదురుచూస్తుంది. బ్రాడ్‌వే పాట అలా ఆగదు, పాట అయ్యేసరికి కథ ఒక అడుగు ముందుకి పడి ఉండాలి. మీ హీరోయిన్‌కి పద్యాలు పాడే తాతయ్య ఉంటే ఈ మాట ఆయనతోనే అనిపించవచ్చు.

పేరు గురించి చిన్న మాట. కల్పిత షోకి పేరే సగం ప్రచారం. 'ఓక్లహోమా!' (1943), 'ఆలివర్!' (1960), 'హలో, డాలీ!' (1964) పేర్ల చివర ఆశ్చర్యార్థకం ఉండేది. ఆ గుర్తు పెడితే పాతకాలం ఉత్సాహమో ఎగతాళో ధ్వనిస్తుంది. 1989 నాటి 'ద టాల్ గై' సినిమాలో వైకల్యం వల్ల 'ఎలిఫెంట్ మ్యాన్' అనిపించుకున్న ఓ మనిషి విషాద జీవితాన్ని 'ఎలిఫెంట్!' అని మ్యూజికల్ చేస్తారు. ఆ చివరి గుర్తు చూడగానే ఎంత ఘోరం జరగబోతోందో అర్థమైపోతుంది. మీది గంభీరమైన షో అయితే అది వద్దు.

చివరిగా పని వివరాలు, ఇవి తప్పు పోతే థియేటర్‌వాళ్లు వెంటనే పట్టేస్తారు. బ్రాడ్‌వే అంటే 500 సీట్లు, ఆపైన ఉన్న థియేటర్లు, మొత్తం 41. మామూలుగా వారానికి ఎనిమిది షోలు. కోరస్‌లో చాలా స్థానాలు తెలిసి, ఎవరు రాకపోతే వాళ్ల చోట దిగేవాళ్లని 'స్వింగ్' అంటారు. మీ అమ్మాయిని స్వింగ్ చేస్తే కథకి ఇంకా బలం. రాత్రి అందరూ వెళ్లిపోయాక ఖాళీ స్టేజ్ మధ్యలో ఒక్క బల్బు వెలుగుతూ ఉంటుంది, దాన్ని ఘోస్ట్ లైట్ అంటారు.

నా రెండో కథలో ముఖ్యపాత్ర స్టేజ్ మేనేజరే. 84వ లైటు మార్పుకి సిద్ధంగా ఉండమని హెడ్‌సెట్‌లో మేము 'లైట్స్ 84, స్టాండ్‌బై' అంటాం. పాటలో సరైన అక్షరం దగ్గర 'లైట్స్ 84' అని, చివర 'గో' అంటాం. ఆ 'గో' అన్న మాట ఇంకే సందర్భంలోనూ హెడ్‌సెట్‌లో వాడం, పొరపాటున లైటు మారిపోతుందని. ఆమెకి షో మధ్యలో విజయవాడ నుంచి నాన్న పోయారని మెసేజ్ వస్తుంది. ముసలి కెప్టెన్ ఒడ్డు కనిపిస్తోందా అని పాడబోతున్నాడు. ఆ వాక్యం చివరి అక్షరం మీద ఆమె గో అనాలి. పాట గురించి నేను రాసింది నాలుగు లైన్లు, ఆమె గొంతు గురించి ఒకటిన్నర పేజీ.

మీరు ముందు ఆ ఒక్క దృశ్యం రాయండి, తొలి ప్రదర్శన రాత్రి కాకుండా ఏదో ఒక బుధవారం మధ్యాహ్నం షోలో జరిగేది. షో పేరూ ఆ ఒక్క వాక్యమూ ఖాయమయ్యాక ఇక్కడే పెట్టండి, రిహార్సల్ వివరాల్లో తప్పులుంటే చూసి చెబుతాను.